సి డ్రైవు, డి డ్రైవు: కంప్యూటరులో ప్రోగ్రాముల చోటు – తెలుగు డీటీపీ రాతల మనుగడ (పశ్చిమ ప్రకాశం మండల కేంద్రాల నేపథ్యంలో)

వ్యాస సంగ్రహం

ఒక కంప్యూటరులో ఒకటికి మించి హార్డ్‌డిస్కులు గాని, ఒకే డిస్కులో పలు డ్రైవులు గాని ఉన్నప్పుడు ప్రోగ్రాములను దేనిలో ఉంచాలి, రాతలను దేనిలో దాచాలి అన్నది సాంకేతిక నిపుణులకు మాత్రమే చెందిన ప్రశ్నగా కనిపిస్తుంది. 1990 తరువాతి తెలుగు లిఖిత ఆధారాలను వెదికే చరిత్ర పరిశోధకునికి కూడా ఇది ఎదురయ్యే ప్రశ్నే. ప్రోగ్రాములు సి డ్రైవులో, రాతలు డి డ్రైవులో అన్న ఏర్పాటు డాస్ కాలపు లెక్కల పరిమితిలో పుట్టి, పరిమితి తొలగిన తరువాత కూడా ఆచారంగా నిలిచింది. ఫాంటు లేకుండా చదవడానికి వీలులేని తెలుగు డీటీపీ ఫైళ్ల విషయంలో ఈ ఏర్పాటు రాతను కాపాడి, దానిని చదివే సాధనాన్ని పోగొట్టింది. ఈ పరిణామాన్ని కురిచేడు వంటి పశ్చిమ ప్రకాశం మండల కేంద్రాలను దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: హార్డ్‌డిస్కు, డ్రైవు అక్షరం, పార్టిషన్, ప్రోగ్రాం ఫైల్స్, ఫాంటు, డీటీపీ, యూనికోడ్, స్థానిక చరిత్ర, కురిచేడు.

1. ప్రవేశిక

గుంటూరు నుంచి గుంతకల్లు వైపు సాగే రైలుమార్గంలో వినుకొండ దాటిన తరువాత, దొనకొండకు ముందు వచ్చే స్టేషను కురిచేడు. ప్రకాశం జిల్లా పడమటి భాగంలో ఇదొక మండల కేంద్రం. 1985లో మండల వ్యవస్థ ఏర్పడడంతో ఇటువంటి ఊళ్లకు కార్యాలయాలు వచ్చాయి. కార్యాలయాల వెంట అర్జీలు, అర్జీల వెంట టైపు మిషన్లు, ఆ తరువాతి కాలంలో జిరాక్సు, డీటీపీ కేంద్రాలు వచ్చాయి. పెళ్లి శుభలేఖ, పెద్దకర్మ ఆహ్వానం, తిరునాళ్ల పోస్టరు, ఎన్నికల కరపత్రం, కొనుగోలు దస్తావేజు చిత్తుప్రతి, పాఠశాల వార్షికోత్సవ సంచిక, గుడి స్థలపురాణం – మండల స్థాయి సమాజం తన గురించి తాను రాసుకున్నదంతా ఈ చిన్న గదుల్లోనే అక్షరరూపం పొందింది.

ఒక పల్లెలో ఏ ఇంటిపేర్లవారు ఎవరితో వియ్యమందారో, ఏ భూమికి ఏ ఎల్లలు చెప్పుకున్నారో, ఏ తిరునాళ్లకు ఎవరు చందాలిచ్చారో తెలిపే ఆధారాలు ఇవే. కైఫీయతులు, శాసనాలు, దండకవిలెలు ఎంత జాగ్రత్తగా సేకరించబడ్డాయో అందరికీ తెలుసు. వాటికి కాలక్రమంలో వారసులనదగిన ఈ ఫైళ్లు ఏ గ్రంథాలయ పట్టికలోకీ ఎక్కవు. అవి పాత హార్డ్‌డిస్కుల్లో ఉంటాయి. ఆ డిస్కులోని ఏ అరలో ఏది ఉన్నదన్న సంగతి మీదనే వాటి చదువుబాటు ఆధారపడి ఉంది.

2. అక్షరాల పేరుగల అరలు

డిస్కును ఒక అక్షరంతో పిలిచే పద్ధతి వ్యక్తిగత కంప్యూటర్ల కంటె పాతది. 1960వ దశకంలో ఐబీఎం పెద్ద యంత్రాల మీద నడిచిన సీఎంఎస్ వ్యవస్థలో వాడుకరి డిస్కులకు అక్షరాలే గుర్తులు. గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీఎం వ్యవస్థ దానిని చిన్న యంత్రాలకు తెచ్చింది. అక్కడి నుంచి 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన డాస్‌లోకి ప్రవేశించింది. అప్పటికి ఎ, బి అనే రెండు ఫ్లాపీ డ్రైవులే లెక్క. ఒకే ఫ్లాపీ డ్రైవు ఉన్న యంత్రంలో కూడా బి అనే పేరు పలికేది. ప్రోగ్రాము ఫ్లాపీ తీసి రాతల ఫ్లాపీ పెట్టమని తెర మీద సూచన వచ్చేది. ప్రోగ్రాము ఒక చోట, రాత మరొక చోట అన్న విభజన ఆ విధంగా తొలినుంచీ చేతిపనిలోనే ఉంది.

1983 మార్చిలో వెలువడిన ఐబీఎం ఎక్స్‌టీ యంత్రంలో 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కు ఉండేది. ఎ, బి అప్పటికే ఫ్లాపీలకు చెల్లిపోయినందున దానికి సి దక్కింది. నేటికీ ఫ్లాపీ లేని కంప్యూటర్లలో మొదటి డిస్కు సి అనే అక్షరంతోనే మొదలు కావడానికి ఇదే కారణం. మొదటి రెండు అక్షరాలూ పోయినవారి పేరున ఖాళీగా ఉంచిన పీటల వంటివి. అదే సమయంలో వచ్చిన డాస్ 2.0 ఫోల్డర్లను ప్రవేశపెట్టింది. ప్రోగ్రాము ఎక్కడ ఉన్నదో వ్యవస్థకు తెలియజేసే ‘పాత్’ అనే దారిపట్టిక ప్రాధాన్యం కూడా అప్పుడే పెరిగింది.

3. ముప్పై రెండు మెగాబైట్ల గీత

ఒకే డిస్కును సి, డి, ఇ అని ముక్కలు చేయడం సౌకర్యం కోసం మొదలు కాలేదు. అప్పటి డాస్ ఒక డ్రైవులోని సెక్టార్లను 16 బిట్ల సంఖ్యతో లెక్కించేది. అంటే గరిష్ఠంగా 65,536 సెక్టార్లు. సెక్టారు 512 బైట్లు కనుక 32 మెగాబైట్లకు మించి ఒక డ్రైవు ఉండడానికి వీలులేదు. 40 మెగాబైట్ల డిస్కు కొన్నవారికి మిగిలిన 8 మెగాబైట్లను వాడుకోవాలంటే రెండో అక్షరం తప్పనిసరి. 1987లో వచ్చిన డాస్ 3.3 ‘ఎక్స్‌టెండెడ్ పార్టిషన్’ అనే ఏర్పాటు ద్వారా ఆ అవకాశం ఇచ్చింది. ఆ మరుసటి సంవత్సరం డాస్ 4.0తో ఈ 32 మెగాబైట్ల గీత చెరిగినా, ఫ్యాట్ 16 పద్ధతిలో 2 గిగాబైట్ల వద్ద మరొక గీత నిలిచింది. 1996లో విండోస్ 95 సవరించిన రూపంతో ఫ్యాట్ 32 వచ్చేదాకా అది కొనసాగింది.

ఈ మధ్యకాలంలో ముక్కలు చేయడానికి మరొక కారణం కూడా ఉండేది. ఫ్యాట్ 16లో డ్రైవు పెద్దదైన కొద్దీ ఒక ఫైలుకు కేటాయించే కనీస స్థలం పెరుగుతుంది. 1 గిగాబైటు దాటిన డ్రైవులో అది 32 కిలోబైట్లు. 512 మెగాబైట్ల లోపు డ్రైవులో 8 కిలోబైట్లు. రెండు కిలోబైట్ల అర్జీ రాసి దాచినా పెద్ద డ్రైవులో 32 కిలోబైట్ల చోటు పోయేది. వేయి చిన్న ఫైళ్లు దాచేవారికి ఇది దాదాపు 32 మెగాబైట్లకు, 8 మెగాబైట్లకు మధ్య తేడా. చిన్న చిన్న రాతలతో బతికే కేంద్రానికి డిస్కును ముక్కలు చేసుకోవడమే లాభం.

విండోస్ ఎక్స్‌పీ నాటికి ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఈ రెండు కారణాలూ దాదాపు తొలగిపోయాయి. అయినా విడిభాగాలు బిగించి కంప్యూటరును అమ్మే దుకాణదారులు 40, 80 గిగాబైట్ల డిస్కులను సి, డి, ఇ, ఎఫ్ అని విభజించి ఇవ్వడం మానలేదు. అప్పటికి దానికి కొత్త సమర్థన దొరికింది: విండోస్ పాడైతే సి డ్రైవును మాత్రమే ఫార్మాట్ కొట్టవచ్చు, డి డ్రైవులోని పని పదిలంగా ఉంటుంది. వైరసులు, విద్యుత్ అంతరాయాలు, నకలు సీడీల కాలంలో ఫార్మాట్ అన్నది అరుదైన సంఘటన కాదు గనుక ఈ సమర్థనలో లోకానుభవం ఉంది. లోపం ఎక్కడ ఉన్నదన్నది తరువాత చూడవలసిన విషయం.

4. రెండో డిస్కు వచ్చినప్పుడు

ఒక డిస్కులోని ముక్కల సంగతి ఇది. నిజంగా రెండో హార్డ్‌డిస్కు బిగించినప్పుడు ఇబ్బంది వేరుగా ఉండేది. డాస్‌లోను, విండోస్ 95, 98లలోను అక్షరాల పంపకానికి ఒక వరుస ఉంది. ముందుగా అన్ని డిస్కుల్లోని ప్రైమరీ పార్టిషన్లకు, ఆ తరువాతే వాటి లోపలి లాజికల్ డ్రైవులకు, చివరికి సీడీ డ్రైవుకు అక్షరాలు వచ్చేవి. పాత డిస్కులో సి, డి ఉన్న యంత్రానికి ప్రైమరీ పార్టిషన్ గల కొత్త డిస్కు చేరితే, కొత్త డిస్కు డి అయి, అంతకు ముందున్న డి డ్రైవు ఇ అయ్యేది. రాతలు ఎక్కడివక్కడే ఉన్నా చిరునామా మారిపోయేది. డి డ్రైవులో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాము తన ఫైళ్ల కోసం కొత్త ఖాళీ డిస్కులో వెదికి, దొరకలేదని చెప్పేది. పేజ్‌మేకర్ పత్రంలోని బొమ్మల లంకెలు తెగిపోయేవి. సీడీ అక్షరం జరిగినందున సీడీ అడిగే ప్రోగ్రాములూ మొరాయించేవి. కొత్త కోడలు రాగానే ఇంట్లో గదులన్నీ మారినట్లు ఉండేది ఆ పరిస్థితి.

యూనిక్స్ సంప్రదాయం ఈ చిక్కును మరొక విధంగా ఎదుర్కొన్నది. బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీలు రూపొందించిన ఆ వ్యవస్థలో డిస్కులకు అక్షరాలు లేవు. ఒకే వృక్షంలో ఒక కొమ్మగా ప్రతి డిస్కునూ అతికించవచ్చు. 1974లో వారు ప్రచురించిన పరిశోధన పత్రంలో తమ పీడీపీ-11 యంత్రానికి 1 మెగాబైటు స్థిర డిస్కు, ఒక్కొక్కటి 2.5 మెగాబైట్ల చొప్పున నాలుగు తొలగించదగిన డిస్కులు, 40 మెగాబైట్ల డిస్కు ఒకటి ఉన్నట్లు నమోదు చేశారు. అంతకు ముందే, తొలి యంత్రంలోని చిన్న డిస్కులో ప్రోగ్రాములు పట్టక, వాడుకరుల రాతల కోసం ఉద్దేశించిన రెండో డిస్కులోని ‘యూఎస్‌ఆర్’ అనే కొమ్మలోకి పొంగిపోయాయి. ‘బిన్’ అనే ప్రోగ్రాముల ఫోల్డరు వేరుచోటుల్లో రెండు ఉండడం అప్పటి ఇరుకు ఫలితమే. డిస్కులు వేల రెట్లు పెరిగిన తరువాత కూడా ఆ జంట ఏర్పాటు లైనక్స్‌లో కొనసాగి, 2012లో ఫెడోరా 17తో మొదలై ఒక్కొక్క పంపిణీలోను విలీనమవుతూ వచ్చింది. ఇరుకు నుంచి పుట్టిన ఆచారం ఇరుకు పోయినా నిలవడం, దానికి తరువాతివారు సమర్థనలు కల్పించడం ఇక్కడా అక్కడా ఒక్కటే. డాస్ ప్రపంచంలో అది వాడుకరి పనిని ప్రోగ్రాముల నుంచి విడదీసింది. యూనిక్స్‌లో ప్రోగ్రాములనే రెండుగా చీల్చింది.

5. సగం అక్కడ, సగం ఇక్కడ

1995లో విండోస్ 95 ‘ప్రోగ్రాం ఫైల్స్’ అనే ఫోల్డరును సి డ్రైవులో స్థాపించింది. ప్రోగ్రాములకు ఒక వాడ ఏర్పడినట్లయింది. ఇన్‌స్టాల్ చేసే సమయంలో వేరొక డ్రైవు ఎంచుకునే అవకాశం చాలా ప్రోగ్రాములు ఇచ్చేవి. సి డ్రైవులో చోటు చాలనివారు, ఫార్మాట్ భయం గలవారు డి డ్రైవును ఎంచుకునేవారు.

ఆ ఎంపిక వారు అనుకున్నంత సంపూర్ణమైనది కాదు. డి డ్రైవులో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముకు చెందిన ముఖ్యమైన ఫైలు అక్కడికే వెళ్లేది. అయితే అది ఇతర ప్రోగ్రాములతో పంచుకునే డీఎల్‌ఎల్ ఫైళ్లు సి డ్రైవులోని విండోస్ సిస్టం ఫోల్డరులో పడేవి. దాని సెట్టింగులు రిజిస్ట్రీలో నమోదయ్యేవి. రిజిస్ట్రీ ఉండేదీ సి లోనే. సి డ్రైవు ఫార్మాట్ అయిన తరువాత డి లోని ప్రోగ్రాము ఫోల్డరు చెక్కుచెదరకుండా కనిపించేది. దాని మీద నొక్కితే ఏదో ఒక ఫైలు లేదన్న సందేశం వచ్చేది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పదు. డి డ్రైవులో పెట్టిన ప్రోగ్రాము పోదన్న నమ్మకం చాలాకాలం నిలవడానికి, ఒంటరి ఫైలుతో నడిచే చిన్న డాస్ ప్రోగ్రాముల అనుభవం కారణమై ఉండవచ్చు. వాటి విషయంలో ఆ నమ్మకం నిజమే.

తరువాతి కాలపు విండోస్‌లు ఈ చిక్కును సడలించాయి. విండోస్ 2000 డ్రైవు అక్షరాలను గుర్తుపెట్టుకోవడమే గాక, ఒక డిస్కును మరొక డిస్కులోని ఫోల్డరుగా అతికించే సౌకర్యం ఇచ్చింది. యూనిక్స్ పద్ధతి వెనక వాకిలి గుండా వచ్చిందన్నమాట. 2007లో విస్టాతో ‘సింబాలిక్ లింకు’ సామాన్య వాడుకరికీ అందింది; ప్రోగ్రాము సి లో ఉన్నానని భావిస్తూ నిజానికి డి లో ఉండవచ్చు. 2015లో వెలువడిన విండోస్ 10లో కొత్త యాప్‌లు ఏ డ్రైవులో చేరాలో సెట్టింగుల్లోనే నిర్ణయించవచ్చు. చిన్న ఎస్‌ఎస్‌డీ, పెద్ద హార్డ్‌డిస్కు కలిసి ఒకే యంత్రంలో రావడం మొదలైన తరువాత, వేగం కావలసిన ప్రోగ్రాములు ఎస్‌ఎస్‌డీలో, బరువైన రాతలు, బొమ్మలు హార్డ్‌డిస్కులో అన్న విభజనకు మళ్లీ అసలైన కారణం ఏర్పడింది. అయితే ప్రస్తుత పరిశీలనకు సంబంధించిన ఫైళ్లు ఈ సడలింపులకు ముందటివి.

6. తెలుగు అక్షరం ఉండిన చోట్లు

కంప్యూటరులో తెలుగు అక్షరం ఏ చోట ఉండేది అన్న ప్రశ్నకు కాలాన్ని బట్టి జవాబు మారుతుంది. కాన్పూరు ఐఐటీలో మొదలై, 1988లో ఏర్పడిన సీడాక్ చేతుల్లో విస్తరించిన జిస్ట్ సాంకేతికతలో తెలుగు లిపి డిస్కులోనే ఉండేది కాదు. మదర్‌బోర్డు మీద బిగించే ఒక కార్డులో ఉండేది. కార్డు ఉన్న యంత్రంలోనే తెలుగు కనిపించేది. రాత మాత్రం ఇస్కీ అనే జాతీయ సంకేత పద్ధతిలో ఉండేది. 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడిన ఆ పద్ధతి బహిరంగం కావడంతో కార్డు లేకపోయినా ఆ రాతను తిరిగి గుర్తించడం సాధ్యమే.

విండోస్ వచ్చిన తరువాత డీటీపీ లోకం వేరే దారి పట్టింది. అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి వంటి ప్యాకేజీలు తెలుగు అక్షరాల ముక్కలను – తలకట్టు, గుణింతపు గుర్తు, వత్తు – ఇంగ్లీషు, ఐరోపా అక్షరాలకు కేటాయించిన సంకేతాల స్థానంలో కూర్చాయి. ఫైలులో దాగేది ఆ పరాయి సంకేతమే. దానిని తెలుగుగా చూపేది ఫాంటు. ప్యాకేజీకీ ప్యాకేజీకీ కూర్పు వేరు కనుక ఒకదాని రాత మరొక ఫాంటులో తెలుగు ముక్కల గజిబిజిగాను, ఫాంటే లేనప్పుడు చుక్కలు, కొమ్ములు గల లాటిన్ అక్షరాల వరుసగాను కనిపిస్తుంది. ఈ పద్ధతి లోపభూయిష్ఠమని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. వత్తులు, గుణింతాలు అందంగా కూర్చిన శీర్షికలు, పేజ్‌మేకర్‌లో ముద్రణకు పనికివచ్చే తెలుగు అప్పటికి మరొక విధంగా లభించేది కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, దానిని సరిగా చూపే గౌతమి ఫాంటు విండోస్‌తో పాటు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అప్పుడు కూడా సంక్లిష్ట లిపుల ఫైళ్లను సీడీ నుంచి విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవలసి ఉండేది.

ఇప్పుడు రెండు దారులు కలిసే చోటు వస్తుంది. అప్పటి విండోస్‌లో ఫాంటు మామూలుగా ఇన్‌స్టాల్ అయ్యే చోటు ఒక్కటే: సి డ్రైవులోని విండోస్ ఫోల్డరు లోపలి ఫాంట్స్ ఫోల్డరు. డీటీపీ ప్యాకేజీని డి డ్రైవులో ఇన్‌స్టాల్ చేసినవారికి కూడా వ్యవస్థ వాడే ఫాంట్లు సి లోనే చేరేవి. కీబోర్డును తెలుగుగా మార్చే ప్రోగ్రాము నమోదూ సి లోనే. కొన్ని ప్యాకేజీలకు కంప్యూటరు వెనుక బిగించే హార్డ్‌వేర్ లాక్ కూడా అవసరం. శుభలేఖ, దస్తావేజు, స్థలపురాణం డి లో. వాటిని శుభలేఖగా, దస్తావేజుగా, స్థలపురాణంగా చేసే అక్షరాలు సి లో. ఫార్మాట్ కొట్టవలసి వచ్చినప్పుడు బుద్ధిపూర్వకంగా కాపాడినది మొదటిది, బుద్ధిపూర్వకంగా తుడిచినది రెండోది.

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ ప్రవాసం నుంచి లభిస్తుంది. 1990వ దశకం తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగు మాటలను మామూలు రోమన్ అక్షరాల్లో నిర్దిష్ట నియమాలతో రాస్తారు. దానితో రాసిన ఫైలుకు ఫాంటుతో పనిలేదు. ఏ డ్రైవులో ఉన్నా, ఏ యంత్రంలో తెరిచినా చదవవచ్చు. తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము పోయినా ఆ నియమాలు తెలిసినవాడు మళ్లీ రాసుకోగలడు. తెలుగు లిపిలో చూడాలన్న ఆశను కొంత వాయిదా వేసుకున్న రాత నిలిచింది. కళ్ల ముందు అందంగా కనిపించిన రాత ఫాంటు మీద ఆధారపడిపోయింది.

లైనక్స్‌లో మరొక వైచిత్రి. అక్కడ వాడుకరి తన సొంత ఫోల్డరులోనే ఫాంట్లు ఉంచుకోవచ్చు. ఆ ఫోల్డరును వేరే పార్టిషన్‌లో పెట్టుకుంటే వ్యవస్థను ఎన్నిసార్లు మార్చినా రాత, ఫాంటు కలిసే ఉంటాయి. తెలుగు డీటీపీ ప్యాకేజీలు విండోస్ మీదనే నడిచినందువల్ల ఈ సౌకర్యం మండల కేంద్రాల దాకా రాలేదు.

7. మండల కేంద్రపు డిస్కు

కురిచేడు పరిసరాలకు చెందిన పాఠకునికి ఈ సంగతిని వివరించడానికి దూరం పోనక్కరలేదు. గుంటూరు – గుంతకల్లు మార్గం ఒక శతాబ్దానికి పైగా మీటరు గేజి. 1990వ దశకంలో అది బ్రాడ్‌గేజిగా మారింది. గేజి మారని రోజుల్లో రెండు మార్గాలు కలిసే చోట సరుకు క్షేమంగానే ఉండేది, పెట్టె మాత్రం అవతలి పట్టాల మీదికి ఎక్కేది కాదు. సరుకును దింపి మరొక పెట్టెలోకి ఎక్కించవలసిందే. డి డ్రైవులో మిగిలిన అను ఫైలు ఆ సరుకు వంటిది. యూనికోడ్ యంత్రం దానిని నేరుగా మోయలేదు.

ఫార్మాట్ అన్న మాట అర్థం కూడా ఈ ప్రాంతపు వస్తువుతోనే చెప్పవచ్చు. మార్కాపురం పలకలు ప్రసిద్ధం. హార్డ్‌డిస్కు లోపల తిరిగేదీ పలకే. అయస్కాంత పూత పూసిన గుండ్రని పలక. ‘క్విక్ ఫార్మాట్’ పలకను తడిగుడ్డతో తుడవడం కాదు. ఏ రాత ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. రాతలు పలక మీద అలాగే ఉండి, వాటి మీద కొత్త రాతలు పడినప్పుడే నశిస్తాయి. 1999 ఏప్రిల్ 26న భారతదేశంతో సహా పలు దేశాల్లో విరుచుకుపడిన సీఐహెచ్ వైరసు చేసిన పనిని దీనితో పోల్చి చూడవచ్చు. అది డిస్కు మొదటి ఒక మెగాబైటు మేరను సున్నలతో నింపింది. పార్టిషన్ పట్టిక ఆ భాగంలోనే ఉంటుంది గనుక సి తో పాటు డి కూడా కనిపించకుండా పోయింది. అయితే డి లోని రాతలు డిస్కులో ఎక్కడివక్కడే ఉన్నాయి. డి అన్నది వేరే డిస్కు కాదని, ఒకే పలక మీద గీసిన గీత మాత్రమేనని ఆ రోజు చాలామందికి తెలిసి ఉండాలి. రెండు భౌతిక డిస్కులు ఉండడానికీ, ఒక డిస్కులో రెండు అక్షరాలు ఉండడానికీ మధ్య గల తేడా ఇంతటిది.

ఇక ఎక్స్‌పీ సంగతి. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వెలువడింది 2001లో. ఆ తరువాత దాని అభివృద్ధి ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు నిలిపివేసిన 2014 ఏప్రిల్ 8 తరువాత కూడా డీటీపీ కేంద్రాల్లో ఒక పాత యంత్రం మూలన నడుస్తూ ఉండడానికి పిసినారితనం కారణం కాదు. ఆ యంత్రపు సి డ్రైవు ఉన్నంతవరకే దాని డి డ్రైవుకు అర్థం ఉంది. పాత గిరాకీదారు వచ్చి పదేళ్ల కిందటి దస్తావేజు నమూనా అడిగితే తెరిచి చూపగలిగేది ఆ యంత్రమే. యజమాని వృత్తి మానుకొన్నప్పుడో, యంత్రం కాలిపోయినప్పుడో డి డ్రైవులోని ఫోల్డర్లు పెన్‌డ్రైవులోకి ఎక్కుతాయి, సి డ్రైవు పాత సామాన్ల బండికి పోతుంది.

8. పరిశోధకుని ముందున్న పని

ఈ ఫైళ్లను తిరిగి చదవడం అసాధ్యం కాదు. ఏ ప్యాకేజీ రాత అన్నది తెలిస్తే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. పత్రికల సొంత ఫాంట్ల రాతను యూనికోడ్‌గా చూపిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఈ దిశలో తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది. కష్టం మార్పిడిలో కంటె గుర్తింపులో ఉంది. పరాయి అక్షరాల వరుస ఏ ఫాంటుకు చెందినదో చెప్పే సాక్ష్యం సి డ్రైవుతో పోయి ఉంటుంది. అదృష్టవశాత్తు పేజ్‌మేకర్, వర్డ్ పత్రాలు తాము వాడిన ఫాంటు పేరును లోపల నమోదు చేసుకుంటాయి. అక్షరాలు రాకపోయినా పేరు వస్తుంది. ఉత్త టెక్స్టు ఫైలుగా దాచిన రాతకు ఆ ఆనవాలు కూడా ఉండదు.

ఫైలు దారి తానే ఒక ఆధారం. పేజ్‌మేకర్ పత్రంలో ప్రతి బొమ్మకు దాని పూర్తి చిరునామా, డ్రైవు అక్షరంతో సహా, నమోదై ఉంటుంది. ఇ డ్రైవులో దొరికిన పత్రం తన బొమ్మలు డి లో ఉన్నాయని చెబితే, మధ్యలో అక్షరాలు జరిగాయని ఊహించవచ్చు. అందుకు కారణం ఒక కొత్త డిస్కు రాక కావచ్చు, ఫైళ్లను వేరొక యంత్రానికి మార్చడం కావచ్చు. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ ఫైళ్లు ఇంకా ఎక్కువ చెబుతాయి. అవి సూచించే ఫైలు ఏ డ్రైవులో ఉండేదో, ఆ డ్రైవు పేరు, క్రమసంఖ్య ఏమిటో వాటిలో ఉంటాయి. తాళపత్రాల మీద రంధ్రాల దూరాన్ని బట్టి ఏ ఆకు ఏ కట్టదో నిర్ణయించే పండితునికి ఈ పని కొత్తగా అనిపించదు. అయితే ఆ షార్ట్‌కట్లు ఉండే డెస్క్‌టాప్ ఫోల్డరు కూడా సి లోనే ఉందని గమనించాలి.

విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి దీనికి బంధువే. యూజీసీ 2009 నిబంధనల తరువాత సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరి, శోధ్‌గంగలో అందుబాటులోకి వస్తున్నాయి. డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు సిద్ధాంతగ్రంథం పీడీఎఫ్‌గా మారినప్పుడు ఫాంటు ఫైలులోనే ఇమిడిపోతుంది. సి డ్రైవులో ఉండవలసినది రాతతో కలిసి ప్రయాణం చేస్తుంది. కంటికి గ్రంథం నిలిచింది. కాని లోపలి సంకేతాలు పరాయివే గనుక అందులో ‘కురిచేడు’ అని వెదికితే, ఆ ఊరి ప్రస్తావన పది పుటల్లో ఉన్నా ఒక్కటీ దొరకదు. పీడీఎఫ్ తయారైన మూల పేజ్‌మేకర్ ఫైలు ఉంటే మార్పిడి తేలిక. అది ఏ డీటీపీ కేంద్రపు డి డ్రైవులో ఉందో గ్రంథకర్తకే గుర్తుండకపోవచ్చు.

ఈ కారణాల వల్ల, మూతపడిన కేంద్రం నుంచి పాత కంప్యూటరు లభించినప్పుడు అలవాటు కొద్దీ డి డ్రైవును మాత్రమే నకలు తీసుకోవడం సరిపోదు. డిస్కు మొత్తానికి, మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా, ఒకే ప్రతిబింబపు ఫైలు తీయాలి. రెండో డిస్కు ఉంటే దానికీ వేరుగా తీసి, ఏది ఏ కేబులుకు తగిలించి ఉన్నదో రాసి ఉంచాలి. విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరును, రిజిస్ట్రీ ఫైళ్లను విడిగా కూడా నకలు చేయడం మంచిది. ఇన్‌స్టాల్ సీడీలు, వాటి అట్టల మీద చేతితో రాసిన నంబర్లు, హార్డ్‌వేర్ లాక్ ఉంటే అది కూడా సేకరణలో భాగమే. కేంద్రం నడిపినవారిని అడిగి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఫైళ్లు ఎక్కడ ఉన్నాయని కాదు. చివరిసారి ఫార్మాట్ ఎప్పుడు కొట్టించారు, అంతకు ముందు ఏ ప్యాకేజీ వాడారు అన్నది.